విరిగింది చీలమండ, ఏడిపించింది పిక్క

2024 అక్టోబర్ 15, మంగళవారం. సాయంత్రం ఆరున్నర దాటింది. బెంగళూరులో ఆ వారమంతా ఒకటే వాన. మారతహళ్ళిలో మా సందు మొదట్లో ఆటో దిగి, నీళ్ళు నిలవని చోటు చూసుకుంటూ ఫుట్‌పాత్ బండ మీద ఎడమకాలు వేశాను. బండ కదిలింది. పాదం అక్కడే ఇరుక్కుంది, భుజాన బ్యాగుతో సహా ఒళ్ళంతా కుడివైపు తిరిగింది. టక్కుమని చిన్న చప్పుడు, బీన్స్ కాయ తుంచినట్టు. అంతే.

నొప్పి కన్నా ముందు సిగ్గేసింది. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి లేవబోయాను. రెండు అడుగులు పడ్డాయి, మూడోది పడలేదు. పక్కన కూరగాయల బండి ఆయన తన స్టూల్ తెచ్చి వేసి, నా కాలు చూసి "బెణికిందమ్మా, ఐస్ పెట్టు" అన్నాడు. నేనూ బెణుకే అనుకున్నాను. పది నిమిషాల్లో చీలమండ బయటివైపు నిమ్మకాయంత లేచింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి అది బత్తాయి అయింది.

ఆ వానలో మూడు కిలోమీటర్లకి ఆటోవాడు 250 అడిగాడు. బేరం ఆడే ఓపిక లేదు, ఇచ్చేశాం. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ రెండే పనులు చేశాడు. చీలమండ బయటి ఎముక వెనక అంచు మీద వేలితో నొక్కాడు, నేను అరిచాను. "నాలుగు అడుగులు వెయ్యగలరా?" అని అడిగాడు, లేదన్నాను. వెంటనే ఎక్స్‌రే రాశాడు. ఆ రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయాల్సిందేనట. మీలో ఎవరికైనా కాలు మడతపడితే "చూద్దాం, రేపటికి తగ్గుతుందేమో" అనుకోకుండా ఈ రెండు పరీక్షలూ గుర్తుపెట్టుకోండి. ఫీజు, మూడు ఎక్స్‌రేలు, మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా వేసిన పిండికట్టు, అన్నీ కలిపి ఆ రాత్రి 4,700 అయ్యాయి. కుంటుకుంటూ వచ్చినదాన్ని వీల్‌చైర్‌లో బయటికి తెచ్చారు.

మర్నాడు ఎముకల డాక్టర్ ఫిల్మును లైటు బోర్డు మీద పెట్టి చూపించాడు. కాలి బయటివైపు ఉండే సన్నటి ఎముక, ఫిబ్యులా, చీలమండ దగ్గర ఏటవాలుగా చీలింది. అది నాకూ కనిపించింది. ఆయన మాత్రం దాన్ని వదిలేసి లోపలివైపు వేలు పెట్టాడు. అక్కడ ఎముక బాగానే ఉంది, కానీ రెండు ఎముకల మధ్య నల్లటి గీత మందంగా ఉంది. "ఈ సందు నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు. మీకు ఆరుంది. లోపలి లిగమెంట్ తెగింది, కీలు పక్కకి జరిగింది. కట్టుతో ఆగదు, ప్లేట్ వెయ్యాలి" అన్నాడు. తెలుగులో కన్నడ యాస కలిపి నెమ్మదిగా చెప్పాడు, ఆ నెమ్మదికే కాస్త ధైర్యం వచ్చింది.

సరే రేపే చెయ్యండి అన్నాను. కుదరదట. వాపున్న చర్మం మీద కోస్తే గాయం మానదట. వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనపడాలి, అప్పుడే ఆపరేషన్. నా ఎనిమిది రోజులూ ఆ ముడతల కోసం ఎదురుచూడటంతో గడిచాయి. నాలుగు దిండ్ల మీద, గుండె కన్నా ఎత్తులో కాలు. అద్దె ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి యాభైనాలుగు మెట్లు కూర్చుని, వెనక్కి జరుగుతూ ఎక్కాను. ఓనర్ ఆంటీ కింద నుంచి "హుషారు, హుషారు" అంటూ టార్చి పట్టుకుంది. కన్నడంలో హుషారు అంటే జాగ్రత్త అని. నాకేమో ఆ సమయంలో అది తెలుగు మాటలాగే వినిపించి, ఏడుపులోనూ నవ్వొచ్చింది.

ఈ ఎనిమిది రోజుల్లోనే మదనపల్లె నుంచి అత్తయ్య ఫోన్లు మొదలయ్యాయి. "ఆపరేషన్ ఎందుకమ్మా, పుత్తూరు పోదాం, కట్టు కట్టిస్తే మూడు కట్లకి లేచి తిరుగుతావు. మీ మామయ్య చెయ్యి అట్లా అతుక్కుందే కదా!" ఆవిడ తప్పేం లేదు. మా వైపు ఎముక విరిగిందంటే మొదట గుర్తొచ్చేది ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దల పుత్తూరు కట్టే. బెంగళూరులోనూ ఆ బోర్డులు కనపడతాయి. ఒక రాత్రి నేనూ ఊగాను, అబద్ధం చెప్పను. మళ్ళీ ఆ నల్లటి గీత గుర్తొచ్చింది. విరిగిన ఎముక ఒక్కటే అయితే నా మనసు ఎటు పోయేదో గానీ, జరిగిన కీలుని పైనుంచి కట్టు వెనక్కి తేగలదా అన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. "అత్తయ్యా, ఆపరేషన్ అయ్యాక మీరొచ్చి నల్లేరు పచ్చడి చేసిపెట్టండి" అన్నాను. వచ్చింది, చేసింది. నల్లేరు కణుపుల నార తీస్తే చేతులు దురద పెడతాయని చేతులకి నూనె రాసుకుని కూర్చునేది. ఎముకకి ఎంత పనిచేసిందో చెప్పలేను, అన్నం మాత్రం పోయింది.

అక్టోబర్ 23, బుధవారం. వెన్నులో ఇంజెక్షన్. నడుం కింద శరీరం నాది కాకుండా పోయింది. తొడకి బెలూన్ లాంటి పట్టీ బిగించి రక్తం ఆపారు. నిద్రమత్తు లేదు, మెలకువే. డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు, స్క్రూ బిగిస్తుంటే వచ్చే చిన్న కిర్రు, అన్నీ వినిపించాయి. పక్కింట్లో మాడ్యులర్ కిచెన్ బిగిస్తున్నట్టే ఉంది. గంటా ఇరవై నిమిషాలు. ఆరు రంధ్రాల ప్లేటు, స్క్రూలు. లోపలి లిగమెంట్‌ని కుట్టలేదు. బయటి ఎముక సరిగ్గా కూర్చుంటే కీలు దానంతట అదే చోటికి వస్తుందన్నారు, వచ్చింది. అసలు నొప్పి రాత్రి పదకొండుకి మొదలైంది, మత్తు దిగాక. దాని గురించి ఎక్కువ రాయను. నర్సు వచ్చేదాకా ఆగకుండా బెల్ కొట్టండి, నొప్పి ముదిరాక కాదు. అంతే చెప్తాను.

25న డిశ్చార్జ్. ఉదయం పదికి వెళ్ళొచ్చన్నారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడుంబావు. బిల్లు 1,68,400. అందులో 19,200 మా జేబు లోంచి, గ్లవ్స్, డ్రేపులు, సిరంజీల్లాంటివి పాలసీలో రావట. ఈ మాట ముందే తెలిస్తే ఏటీఎం కోసం మా ఆయన కాలికి బలపం కట్టుకుని తిరిగేవాడు కాదు.

ఇక్కడి దాకా నా దృష్టంతా ఎముక మీదే. ఫోన్ చేసినవాళ్ళూ "ఎముక అతుక్కుందా?" అనే అడిగేవారు. పిక్క సంగతి ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.

మొదటిసారి అది గుర్తుచేసింది పొట్టలో వేసుకునే ఇంజెక్షన్లు. రోజుకొకటి, పద్నాలుగు రోజులు, ఒక్కోటి 430. రక్తం గడ్డకట్టకుండా. కాలు విరిగితే పొట్టలో ఇంజెక్షన్ ఏమిటని అడిగితే డాక్టర్ చెప్పాడు: నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి వదులుతూ, కింది రక్తాన్ని పైకి పిండుతూ ఉంటుంది. దానికి సెలవిస్తే రక్తం సిరల్లో నిలుస్తుంది. నవంబర్ 3 ఆదివారం, దీపావళి టపాసుల వాసన ఇంకా పోలేదు, పిక్క మధ్యలో సలుపు మొదలైంది. కట్టులో ఉన్న కాలు, చూడ్డానికి లేదు. గూగుల్ చేసి భయం రెట్టింపు చేసుకున్నాను. పరుగున పోయి డాప్లర్ స్కాన్, 2,600. గడ్డ లేదు. కండరం కదలక పట్టేసిందంతే. డబ్బు పోయినందుకు బాధ లేదు గానీ, స్కాన్ చేసే అమ్మాయి జెల్ రాస్తూ "మేడం, పిక్క చాలా మెత్తగా ఉంది" అన్న మాట ఇంటిదాకా వెంటొచ్చింది.

నవంబర్ 6న కుట్లు విప్పారు. కట్టు తీసిన నా కాలు చూసి నేనే గుర్తుపట్టలేదు. మూడు వారాలే. చర్మం పొలుసులు లేచి, మోకాలి కింద కండ జారిపోయి, వెనకవైపు ఖాళీ సంచిలా వేలాడుతోంది. పాదం వేళ్ళు నేలవైపు వాలి ఉన్నాయి, పైకి లాగుదామంటే మడమ వెనక తాడు అడ్డంపడింది. ఊడదీసి పెట్టుకునే ప్లాస్టిక్ బూటు ఇచ్చారు, 3,200. ఇంకా మూడు వారాలకి పైగా బరువు పెట్టొద్దు, కానీ కీలు కదపాలి అన్నారు.

ఫిజియోథెరపిస్ట్ అబ్బాయి చిత్తూరు వైపువాడు. ఇంటికొస్తే 600. రెండో రోజుకే మేడం మానేసి అక్కా అన్నాడు. మొదటిరోజు టేపు తీసి, రెండు మోకాళ్ళ కింద ఒకే దూరంలో పెన్నుతో గీత గీసి చుట్టుకొలత చూశాడు. కుడి 35 సెంటీమీటర్లు, ఎడమ 32న్నర. "ఎముక పని డాక్టర్‌ది, అయిపోయింది. ఇక మన పని ఈ రెండున్నర" అన్నాడు.

నేను ఐదో తరగతికి లెక్కలు చెప్తాను కాబట్టి, వాడు చెప్పేది నాకు అర్థం కావాలని పట్టుబట్టేదాన్ని. ఓ రోజు కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు వంచి పాదం పైకి లాగమన్నాడు. కాస్త వచ్చింది. అదే కాలు చాపి లాగమంటే అసలు రాలేదు. కీలు ఒకటే, మరి తేడా ఏమిటి? పిక్కలో రెండు పొరలున్నాయట. పైది, బయటికి ఉబ్బెత్తుగా కనిపించేది, మోకాలి పైన తొడ ఎముక దగ్గర మొదలై మడమ దాకా వస్తుంది. కిందది, సోలియస్, మోకాలి కిందే మొదలవుతుంది. మోకాలు వంచితే పైది వదులవుతుంది కాబట్టి పాదం లేస్తుంది. చాపితే అది బిగిసి పాదాన్ని కిందికి లాగుతుంది. "అందుకే నువ్వు తువ్వాలు వేసి లాగే వ్యాయామం కాలు చాపీ చెయ్యాలి, వంచీ చెయ్యాలి, రెండూ చెయ్యాలి." నేను అప్పటిదాకా సులువైనదే చేస్తున్నానని వాడికెలా తెలిసిందో!

ఇంకో వింత బొటనవేలు. అది కిందికి వంచితే కాలి బయటివైపు, ప్లేటుకి పైన వెనక, చురుక్కుమనేది. విరిగింది అక్కడ, కదిపింది ఇక్కడ. ఆ బొటనవేలిని వంచే కండరం పుట్టేదే ఫిబ్యులా వెనకభాగం మీదట. మనం దాని సొంత ఇంట్లోకి వెళ్ళి మేకులు కొట్టినట్టు. నొప్పి పుడితే ఏదో తెగిందని బెంబేలు పడక్కర్లేదు, వేళ్ళు కదపడం మానకు అన్నాడు. రోజుకి రెండు వందలసార్లు కదిపాను. పిల్లల పేపర్లు దిద్దుతూ, చారు కాస్తూ, ఫోన్‌లో "ఎముక అతుక్కుందా" అన్నవాళ్ళకి జవాబిస్తూ.

చీలమండ చుట్టూ చెయ్యి పెట్టి చూసుకోండి. కండ లేదు, అన్నీ తాళ్ళే. కండలన్నీ పైన, మోకాలి కింద. బయటి ఎముక వెనకనుంచి రెండు తాళ్ళు వంపు తిరిగి పాదంలోకి పోతాయి. పాదం లోపలికి మడతపడకుండా వెనక్కి లాగేవి అవే. ఫిజియో ఇది చెప్తుంటే నాకు మా అమ్మమ్మగారింటి బావి గుర్తొచ్చింది. చేదేవాడు ఒకచోట, చేద ఒకచోట, మధ్యలో గిలక. చీలమండ బయటి గుబ్బ ఆ తాళ్ళకి గిలక. గిలక విరిగితే చేంతాడు ఏం పట్టుకుంటుంది? ఆ మాటే వాడితో అంటే, "అక్కా, ఇది నేను వేరేవాళ్ళకి చెప్పుకుంటా" అని నవ్వాడు. మరి ఆ రోజు బండ కదిలినప్పుడు ఈ తాళ్ళు ఎందుకు లాగలేదు అని అడిగాను. లాగాలనుకునేలోపే ఒంటి బరువంతా తిరిగిపోయిందట. కండరం మేలుకోవడానికి కూడా క్షణంలో ఓ వంతు కావాలి, ఎముకకి అంత టైమ్ దొరకలేదు.

డిసెంబర్ 4, ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు. ఎక్స్‌రేలో చీలిక చుట్టూ పొగమంచు లాంటిది కనిపించింది, కొత్త ఎముక. బరువు పెట్టొచ్చన్నారు, కానీ కొంచెం కొంచెంగా. కొంచెం అంటే ఎంత? బాత్రూంలో ఉండే బరువు తూచే మిషన్ తెమ్మన్నాడు ఫిజియో. ఎడమకాలు దాని మీద, కుడికాలు పక్కన దాని ఎత్తుకే పేర్చిన పుస్తకాల మీద, చేతుల్లో వాకర్. ముల్లు 15 చూపించేదాకా నొక్కి ఆగు. వారం తర్వాత 25. నా బరువు 64. సగానికి వచ్చిన రోజు కాఫీ తాగినంత సంతోషం. కానీ కాలు కిందికి వేలాడేస్తే పాదం నేరేడుపండు రంగుకి తిరిగేది. మళ్ళీ గడ్డేనేమో అని టెన్షన్. కాదు, పిండే పిక్క ఇంకా నిద్రలో ఉంది కాబట్టి రక్తం నిలుస్తోందన్నారు. మడమ ఎత్తి దించడం మొదలుపెట్టాక నాలుగు వారాల్లో ఆ రంగు పోయింది. దానికన్నా నన్ను బాధపెట్టింది అరికాలు. నెలన్నర నేల తాకని అరికాలికి మొజాయిక్ గచ్చు కూడా ముళ్ళే. మెత్తటి చెప్పులు ముందే కొనిపెట్టుకోండి.

సంక్రాంతికి ఊరెళ్ళలేదు. జనవరిలో బూటు తీసేసి నడిచాను. నడిచాను అనొచ్చో లేదో! కుంటు. నొప్పి లేదు, ఎముక అతుక్కుంది, అయినా కుంటే. అడుగు చివర మడమ లేచి వేళ్ళతో నేలని వెనక్కి తొయ్యాలి కదా, ఆ తోపు లేదు. పిక్కబలం చూపడం అంటే పారిపోవడం అని పిల్లలకి తెలుగు టీచర్ చెప్తుంటే వినేదాన్ని. ఆ బలం లేకపోతే పారిపోవడం కాదు, పచారీ కొట్టుదాకా పోవడమే పెద్ద యాత్ర అని అప్పుడు తెలిసింది.

మెట్లు ఎక్కడం కష్టమనుకున్నాను. ఎక్కడం వారంలో వచ్చేసింది. దిగడం నెల పట్టింది. కింది మెట్టు మీద కుడికాలు దిగేలోపు ఎడమ చీలమండ ముందుకి వంగాలి, పిక్క సాగుతూనే బరువు ఆపాలి. నాకా రెండూ రావు. పక్కకి తిరిగి ఎండ్రకాయలా దిగేదాన్ని. జనవరి 20న స్కూల్లో చేరాను. స్టాఫ్‌రూమ్ మొదటి అంతస్తుకి మారిస్తే బాగుండని అడిగాను, చూద్దాం అన్నారు, ఇప్పటికీ చూస్తున్నారు. బోర్డు దగ్గర నిలబడి నలభై నిమిషాలు పాఠం చెప్తే సాయంత్రానికి సాక్సు అచ్చు కాలిమీద అరంగుళం లోతు పడేది. నా క్లాసు పిల్లలు నాకోసం కుర్చీ బోర్డు పక్కకి జరిపి, దాని మీద సుద్దముక్కతో మిస్ సీట్ అని రాశారు. లేచేసరికి చీర వెనక ఆ అక్షరాలు అచ్చుపడ్డాయి.

ఫిబ్రవరంతా ఒంటికాలి మీద నిలబడటమే. గోడ పక్కన, కళ్ళు తెరిచి, తర్వాత మూసి, తర్వాత దిండు మీద. కుడికాలు కదలకుండా ముప్ఫై సెకన్లు. ఎడమ నాలుగు సెకన్లకే వణికేది. ఆ వణుకులో బయటి గుబ్బ వెనక ఆ రెండు తాళ్ళూ లేచి పడటం కంటికి కనిపించేది, చీర కట్టిన బొమ్మలో దారాలు లాగినట్టు. ప్లేటు అంచు దగ్గర అప్పుడప్పుడు కిరకిరలాడేవి. ఎక్కువైతే ఏడాది తర్వాత ప్లేటు తీయొచ్చన్నారు, ప్రస్తుతానికి నేను దాన్ని పట్టించుకోవడం లేదు. పాదం పైభాగంలో ఓ చిన్న ముక్క మొద్దుబారి ఉంది, ఆ దారిలో పోయే నరం వల్లనట. చీమ పాకితే తెలీదు. అది వస్తుందో రాదో చూడాలి.

ఫిజియోకి మొత్తం పద్దెనిమిది విజిట్లు, 10,800. ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. ఈ మొత్తం కథలో నాకు ఒక్క రూపాయీ వృథా అనిపించని ఖర్చు ఇదే.

చివరి పరీక్ష ఒంటికాలి మడమ ఎత్తడం. గోడకి వేలు ఆనించి, ఒక్క కాలి మీద నిలబడి, మడమ నిండా పైకి లేపి దించాలి. బాగున్న కాలికి ఇరవై ఐదు లక్ష్యం అన్నాడు. నా కుడికాలే ఇరవై రెండుకి చేతులెత్తేసింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మార్చి మొదట్లో ఎడమ ఒక్కసారి కూడా లేవలేదు. మెదడు చెప్తోంది, పిక్క వింటోంది, మడమ మాత్రం గచ్చుకి జిగురు పెట్టినట్టు. ఆ రోజు వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆపరేషన్ రోజు కూడా అంత ఏడవలేదు. రెండు కాళ్ళ మీద లేచి, ఒంటికాలి మీద మెల్లగా దిగడం నేర్పాడు. లేవలేని కండరం కూడా దిగడం ఆపగలదట, అక్కడినుంచి బలం పుడుతుందట. ఉగాది పచ్చడి చేసిన రోజు, మార్చి 30, మొదటిసారి మడమ లేచింది. రెండు వేళ్ళ ఎత్తు.

నిన్న ఏప్రిల్ 26. టేపు తీసి చూశాను. కుడి 35, ఎడమ 34. మా తొమ్మిదేళ్ళవాడు పొయ్యి గట్టు మీద కూర్చుని లెక్క పెట్టాడు. తొమ్మిది దగ్గర పిక్క మండింది, పదకొండు దగ్గర మడమ సగమే లేచింది. పన్నెండు తర్వాత వాడు పద్నాలుగు అన్నాడు. లెక్కల టీచర్ని, దిద్దాలి. దిద్దలేదు.